మూత ఉన్న గింజ

సిరొంచ పశువుల దవాఖానలో
నా కుర్చీకి ఒక చెయ్యి ఊడిపోయింది.
మైక్రోస్కోపుకి మాత్రం ఇంకా చూపు ఉంది.
పదకొండేళ్లుగా దాంట్లోంచి
పేడ నీళ్లు చూస్తున్నాను.
గ్లాసులో కలిపి, వడగట్టి, పైనీరు ఒంపేసి, మళ్లీ కలిపి,
చివరికి అడుగున తేరుకున్న చుక్కలో
ఒక్కోసారి దొరుకుతుంది
మూత ఉన్న పసుపు గింజ.
జలగ గుడ్డు.

మొన్న సోమవారం రెండొచ్చాయి.
ఒకటి ఫారెస్టు గార్డు ఉసెండి తెచ్చిన డబ్బా,
మడుగు అవతల అడవి బర్రెలు వేసింది,
మరాఠీ చీటీ, తేదీ, సంతకం, రబ్బరు బ్యాండు.
రెండోది ఓదెక్క మోదుగాకులో చుట్టి తెచ్చింది.
చీటీ ఏదమ్మా అంటే
"మా గంగ బర్రెది సారూ, వాసన చూడు, తెలుస్తది" అంది.

రెండూ చూశాను.
అదే పసుపు. అదే మూత.
ఇది ఊరిది, ఇది అడవిది అనడానికి
గుడ్డు చెవికి బిళ్ల లేదు.

"మీ మందలే తెచ్చినయ్" అన్నాడు ఉసెండి.
"మీ దున్నలు రాకముందు మా గొడ్లు మంచిగనే ఉండె" అంది ఓదెక్క.
నేను నత్త సంగతి ఎత్తబోయాను,
ఇద్దరూ నావైపు చూసిన చూపుకి
నోట్లోనే దాచుకున్నాను.

వానలు వెనక్కి తగ్గాక
ప్రాణహిత వదిలేసిన మడుగు అది.
పగలు ఊరి గిట్టలు దిగుతాయి,
రాత్రి అడవి గిట్టలు.
పొద్దున్నే వెళ్లి చూడండి,
బురద నిండా గిన్నెల్లాంటి గుంటలు,
పెద్దవీ చిన్నవీ ఒకదాన్నొకటి తొక్కుకుంటూ.
ప్రతి గిన్నెలో ఇంత నీరు,
ఆ నీటంచున ఒక నత్త,
దాని కడుపులో
రెండు మందల భవిష్యత్తు.
ఆ పక్కనే గడ్డి, లేతగా, తడిగా,
ఎవరు ముందొస్తే వాళ్లకి.

కిందటేడు చలికాలంలో
ఒక అడవి పోతు పగలే మందలో కలిసింది.
ఓదెక్క మొగుడు కొమ్ములు చూసి చెట్టెక్కాడు.
గంగ మాత్రం కదల్లేదు.
తర్వాత పది నెలలకు పుట్టింది దుడ్డె,
పుట్టుకతోనే నుదురు వెడల్పు,
మనిషి చెయ్యి చాస్తే ఒళ్లంతా బిగుసుకునేది.
రిజిస్టర్లో "జాతి" అనే గడి ఎదుట
నా పెన్ను చాలాసేపు ఆగింది.
ఆ గడి ఇప్పటికీ ఖాళీ.

ఈసారి ఆ దుడ్డెకే
దవడ కింద నీటి సంచి దిగింది.
కనురెప్ప తిప్పి చూస్తే లోపల
సున్నం కొట్టిన గోడ.
ముగ్గురం పట్టుకున్నాం, ఓదెక్క, నేను,
ఆశ్చర్యం, ఉసెండి కూడా,
యూనిఫాం చొక్కా విప్పి కంచెకు తగిలించి.
వెదురు గొట్టంతో తెల్లమందు పోశాను.
సగం నా చొక్కా మీద, సగం దాని గొంతులో.
తన్నిన చోట నా మోకాలు
మబ్బు పడితే ఇంకా చెప్తుంది.

పని అయ్యాక గొట్టం కడుగుతూ ఓదెక్క అడిగింది:
"సగం దానికి పోసినం.
మిగతా సగానికి ఎవరు పోస్తరు?"
ఏ సగమో అర్థం కాక ఉసెండి నన్ను చూశాడు.
నాకు అర్థమైంది. నవ్వాను.
నవ్వకుండా ఉండాల్సింది.
అప్పటికే చీకటి పడుతోంది,
అవతలి గట్టున ఏదో గట్టిగా ఊపిరి వదిలింది,
దుడ్డె చెవులు అటు తిరిగాయి.

మడుగు పక్కనుంచే నడిచి దవాఖానకొచ్చాను.
లైటు వేసి చూస్తే
చెప్పు పట్టీలో బురద, బురదలో ఒక నత్త,
మెల్లగా కొమ్ములు చాస్తూ.
బల్లమీద రెండూ ఉన్నాయి,
చీటీ ఉన్న డబ్బా, చీటీ లేని ఆకు.
దీన్ని దేంట్లో వెయ్యాలో
ఇంకా నిలబడి చూస్తున్నాను.